నాదము - అక్షరము

గుడిగంట మ్రోగిన పిదప దాని అంచుపై వ్రేలు ఆనించినచో సన్నని అదురు తెలియును. గంటను గట్టిగా పట్టుకొన్నచో అదురుతోపాటు మ్రోతయు ఆగిపోవును. కంపము లేనిదే ధ్వని లేదు. ఆ కంపమే గాలిలో అలలై, సెకనుకు సుమారు 343 మీటర్ల వేగముతో మన చెవిని చేరుచున్నది.

మన కంఠములోని గంట ఏది? స్వరపేటికలోని రెండు మడతలు. ఊపిరి తాకిడికి అవి పురుషులలో సెకనుకు సుమారు 120 మారులు, స్త్రీలలో సుమారు 200 మారులు తెరచుకొని మూసికొనుచుండును. కంఠముపై చేయి ఉంచి, ఒకే శ్రుతిలో 'ఆ, ఈ, ఊ' అని పలికి చూతము. చేతికి తెలియు అదురు ఒక్కటే. చెవికి వినవచ్చు అచ్చులు మూడు. ఈ భేదము ఎచ్చట పుట్టినది?

బిందెలో నీరు పట్టునప్పుడు, లోని గాలికి చోటు తగ్గినకొలది శబ్దము సన్నబడును. చూడకయే బిందె నిండినదని గ్రహింతుము. మన నోరును అట్టి పాత్రయే. కాని ఆకారము మార్చుకొనగల పాత్ర. నాలుక అంగిలివైపు లేచిన 'ఈ', పెదవులు ముడిచిన 'ఊ', నోరు విప్పిన 'ఆ'. కంఠనాదములో కలిసియున్న అనేక స్వరాంశములలో ఒక్కొక్క ఆకారము కొన్నింటిని బలపరచును. మన వైయాకరణులు ఇకారమును తాలవ్యమనియు, ఉకారమును ఓష్ఠ్యమనియు పేర్కొనుట ఈ స్థానములను గుర్తించియే. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ బోలు గోళములను చెవికి ఆనించి ఈ అంశములను వేరుపరచిన విధమును 1863లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. గుసగుసలాడునప్పుడు కంఠము అదరదు. అయినను అచ్చులు తెలియుచునే యున్నవి. నోటి ఆకారమే అచ్చును నిర్ణయించుననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక 'స్' అని పలికి చూతము. చేతికి అదురు తగులదు. అది పండ్లసందున గాలి చేయు సన్నని సవ్వడి. దాని బలమంతయు సెకనుకు వేలకొలది కంపములుగల పై స్థాయిలోనే యుండును. అచ్చులతో పోల్చిన ఇట్టి హల్లులు దుర్బలములు. కాని 'పాలు', 'కాలు', 'తాలు' అను మాటలను వేరుచేయునది ఆ దుర్బలమైన హల్లు ఒక్కటియే.

వయస్సు మీరినకొలది చెవి మొదట కోల్పోవునది ఈ పై స్థాయినే. "మాట వినబడుచున్నది గాని తెలియుట లేదు నాయనా" అని ఇంటి పెద్దలు చెప్పుట అందుచేతనే. మనము విసుగుతో కేకవేయుదుము. కేకవలన అచ్చు హెచ్చునుగాని హల్లు అంతగా హెచ్చదు. రెండుమూడు పర్యాయములు అట్లు జరిగినచో వారు అడుగుట మానివేయుదురు. నలుగురిలో కూర్చుండియు ఒంటరివారగుదురు. వారి చెవిని వైద్యునిచే పరీక్ష చేయింపవలెను. మాటాడునప్పుడు ఎదుట కూర్చుండి, పెదవులు కనబడునట్లు వెలుతురున, నిదానముగా పలుకవలెను. ఇతర శబ్దములను తగ్గింపవలెను.

ఈ ప్రసంగము ముగిసినంతనే రేడియో ఆపి, మన ఇంటి పెద్దలతో ఒక్కమాట అట్లు పలికి చూతము.