హిరోషిమా కుఱ్ఱవాడు

జపానువారు మాంగా యని పిలుచు బొమ్మల కథలలో మీకు ప్రియమైన పాత్ర యేదని యడిగినచో, మేము యంత్రబాలకుని గాని మాంత్రికుని గాని చెప్పము. హిరోషిమా కుఱ్ఱవాడు గెన్‌ను చెప్పుదుము. కెయిజి నకజావా 1973లో ఆరంభించిన 10 సంపుటముల ‘హదాషి నో గెన్’ వాని కథ. 1945 ఆగస్టు 6న కూలిన యింటి క్రింద తండ్రియు అక్కయు తమ్ముడును చిక్కుకొనగా, మంటలు ముంచుకొని రాగా, గెన్ నిండుచూలాలగు తల్లితో వెడలిపోవలసి వచ్చును. ఆఱేండ్ల నకజావాయు ఆనాడే తన తండ్రిని, అక్కను, తమ్ముని కోల్పోయెను.

అయినను గెన్ ఏడుపుగొట్టు కాడు. తల్లి నీరసించినపుడు ఆమెకు బలము కలుగునని పరుల కొలనిలో చేపను దొంగిలింపబోవును. ఇట్టి ఘట్టములను పిల్లలు అపార్థము చేసికొందురేమో యని 2023లో హిరోషిమా విద్యాధికారులు ఈ కథాభాగములను శాంతిపాఠములనుండి తొలగించిరి. మా మనసు దోచినది ఆ దొంగతనమే! మొదటి సంపుటము పిల్లల చేతికీయుడు. ప్రక్కన మీరును కూర్చుండుడు.