జాజ్ సంగీతము - బాస్కెట్‌బాల్

నంద్యాల మైదానములో బాస్కెట్‌బాల్ ఆడు బాలురకును, అమెరికా జాజ్ వాద్యగాండ్రకును పోలిక యేమని శ్రోతలు నవ్వవచ్చును. ఆళ్లగడ్డ పల్లెలలో చెడుగుడు చూచినవారికి ఆ సందేహము సగము తీరును. కూతకు వెళ్లినవాడు ఏ కాలు ముందు వేయునో వానికే తెలియదు. అయినను కూత తెగకముందే గీతకు మరలవలెను.

బాస్కెట్‌బాల్‌ను 1891లో నైస్మిత్ కల్పించెను. జట్టునకు ఐదుగురు. బంతి ఒకని చేత నుండగా తక్కిన నలుగురు ఊరక నిలువరు. వానికి చోటు కల్పించుచు తిరుగుదురు. జాజ్‌లోను అంతే. తాళము, స్వరమేళనముల వరుస ముందే నిశ్చితములు. బూర వాయించువాడు తన మనోధర్మము చూపునపుడు పియానో, డ్రమ్ములు వానిని కనిపెట్టి నడచును. మన కచేరీలో కల్పనస్వరము పాడి ఎత్తుగడకు తప్పక వచ్చి చేరుట వంటిదే యిది. దీనిని కట్టుబాటు లేని అల్లరి యనువారు కలరు. వారు తాళము వేసి చూడలేదని నా అనుమానము.

ఈ రెండును ఒకే కప్పు క్రింద నుండిన కాలము కలదు. న్యూయార్కు నగరపు హార్లెములో 1923లో ఏర్పడిన రెనెసాన్స్ జట్టునకు ఆటస్థలము ఒక నృత్యశాల. ఆట ముగిసిన పిదప అదే నేలపై వాద్యబృందము వాయించెడిది, జనులు నాట్యమాడెడివారు. నల్లజాతివారగుటచే నాటి వృత్తి ఆటల సంఘము ఆ ఆటగాండ్రను చేర్చుకొనలేదు. 1939లో చికాగోలో జరిగిన వృత్తి జట్ల ప్రపంచ పోటీలో గెలిచినది వారే.