అమెరికాలో మన దంతవైద్యులు



నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొనుచున్న పండితుడను. సంధులును సమాసములును నాకు బరిచితములే కాని, దంతవైద్యమును గూర్చియు అమెరికా శాసనములను గూర్చియు మాటాడుటకు నాకేమి యధికారమని మీరడుగవచ్చును. ఆ యధికారము నాకు శాస్త్రమువలన రాలేదు. నేను చేసిన యొక పొరపాటువలన వచ్చినది. ఆ పొరపాటు మరియొక యింట జరుగకుండుటకే నేడీ ప్రసంగమునకు బూనుకొంటిని.

దంతవైద్యము మనకు గ్రొత్తది కాదు. సుశ్రుతుడు ఏడు స్థానములందు బుట్టు అరువదియైదు ముఖరోగములను లెక్కించి చెప్పినాడు. వేపపుల్లతో పండ్లు తోముట మన తాతలకు నిత్యవిధి. ఐనను దంతవైద్యమునకు బ్రత్యేకముగ నొక కళాశాల ప్రపంచమున మొట్టమొదట వెలసినది అమెరికాలోని బాల్టిమోరు నగరమున, 1840లో. మన దేశమున మొదటిది 1920లో కలకత్తాయందు వెలసినది. నేడు తెలుగునాట దంతవైద్యకళాశాలలకు గొదువ లేదు. నాలుగేండ్ల చదువును, ఒక యేటి శిక్షణమును ముగించి బి.డి.యస్. పట్టము పొందిన బాలబాలికలనేకులు అమెరికావైపు చూచుచున్నారు. మా తమ్ముని కూతురు అట్టివారిలో నొకతె.

మొట్టమొదట దల్లిదండ్రులు తెలిసికొనవలసిన విషయమొకటి కలదు. మన బి.డి.యస్. పట్టముతో అమెరికాలో రోగి నోట జేయి పెట్టుటకు సాధారణముగా వీలులేదు. కొన్ని రాష్ట్రములందు స్వల్పమైన మినహాయింపులున్నను, రాజమార్గము మాత్రమొకటే. అచటి గుర్తింపు గల దంతకళాశాలలో మరల రెండు మూడేండ్లు చదివి డి.డి.యస్. గాని డి.యం.డి. గాని పుచ్చుకొనవలెను. అందు బ్రవేశము దొరకుటకు ముందుగా 500 ప్రశ్నలతో రెండు దినములు సాగు జాతీయపరీక్షను పెక్కు కళాశాలలు కోరును. కృత్రిమదంతములమీద పనితనమును గూడ బరీక్షించు కళాశాలలు కలవు. ఇక రుసుము లక్షడాలరులకు మించుట సర్వసాధారణము. మా తమ్ముడు రెండెకరముల మాగాణి యమ్మి, యిల్లు తాకట్టు పెట్టి, తక్కినది బ్యాంకులో నప్పు చేసినాడు.

పట్టము చేతికి వచ్చినంతనే కష్టము తీరునని మేమందరము దలచితిమి. నిజమునకు గష్టమచటనే మొదలిడినది.

విద్యార్థి వీసామీద నున్నవారికి చదువు ముగిసిన పిదప, నేర్చిన విద్యకు సంబంధించిన పని చేసికొనుటకు పండ్రెండు నెలల తాత్కాలికానుమతి నిత్తురు. దానిని ఓ.పి.టి. యందురు. ఇంజనీరింగు, గణితము మున్నగు కొన్ని శాస్త్రములవారికి మరి యిరువదినాలుగు నెలల పొడిగింపు కలదు. డి.డి.యస్. పట్టము ఆ పట్టికలో లేదు. కావున కంప్యూటరు చదివిన ప్రక్కయింటి పిల్లవానికి మూడేండ్లున్నవి గదాయని మన దంతవైద్యునకు నన్నియే యున్నవని యెంచరాదు. ఇతని కున్నది ఒక్క సంవత్సరము.

ఆ సంవత్సరమునకును ఒక గడువు గలదు. అనుమతిపత్రముమీద వేసిన ప్రారంభదినము మొదలుకొని, పని లేక గడచిన దినములన్నియు గలిపి తొంబదికి మించరాదు. ఆదివారములును పండుగలును లెక్కలోనివే. మించినచో దేశములో నిలుచు హక్కునకే భంగము.

పట్టముండగా పని దొరకుటకేమి కష్టమందురా? దంతవైద్యుడు లైసెన్సు లేక యొక్క పన్నైనను ముట్టరాదు. లైసెన్సునిచ్చునది దేశప్రభుత్వము కాదు. ఏ రాష్ట్రమునకు దానే యిచ్చును. పెక్కు రాష్ట్రములు చేతిపని పరీక్షను గూడ గోరును. న్యూయార్కు రాష్ట్రము దానికి బదులుగ నొక యేటి ఆసుపత్రి శిక్షణమును గోరును. కళాశాలనుండి పట్టము వచ్చినట్లు పత్రము రావలెను, వ్రేలిముద్రలు తీయవలెను, ఆ రాష్ట్రశాసనములందు బరీక్ష యున్నచో నందు నెగ్గవలెను. దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ సంఖ్యను తరచుగా నడుగుదురు. అంతకుముందు పని చేయని విదేశవిద్యార్థికి ఆ సంఖ్య రావలెనన్న ఓ.పి.టి. పత్రము రావలెను. లైసెన్సు వచ్చినపిదప గొన్ని మందులు వ్రాయుటకు వేరొక నమోదు కావలెను. ఆపైన రోగుల బీమాకంపెనీలు ఈ వైద్యుని దమ పట్టికలో జేర్చుకొనవలెను. దానికి నెలలు పట్టుట కలదు. ఒక ముడి విప్పినగాని రెండవ ముడి కనబడదు. ఈ లోపల తొంబది దినముల గడియారము ఆగక నడచుచునే యుండును. అన్నియు నున్నను అల్లుని నోట శని యన్నట్లు, పట్టముండియు, పనితనముండియు, పని కలిగియు, లైసెన్సొక్కటి లేక కూర్చున్నవారెందరో కలరు.

ఇప్పుడు నా పొరపాటు చెప్పెదను. మా యమ్మాయి 2023 మే నెల 19వ తేదీన చదువు ముగించినది. ఓ.పి.టి. దరఖాస్తును చదువు ముగియుటకు తొంబది దినముల ముందు మొదలుకొని, ముగిసిన యరువది దినములలోపల నంపవచ్చును. ప్రారంభదినమును ఆ యరువది దినములలో దానే కోరుకొనవచ్చును. ఆమె నాకు ఫోను చేసి, "పెదనాన్నగారూ! ఏ దినము మంచిది?" అని యడిగినది. నేను బంచాంగము విప్పి, జూను 1వ తేదీ గురువారము, శుభస్య శీఘ్రమని చెప్పితిని. ఆమె నా మాట జవదాటలేదు. జూలై 18వ తేదీ వరకు ఆగు వీలున్నదని నాకు దెలియదు. తెలిసికొనవలెనని తోచను లేదు. నా ముహూర్తము ఆ బిడ్డకు నలుబదియేడు దినములు నష్టము చేసినది.

ఆ ఫిబ్రవరిలోనే యొక పెద్ద వైద్యశాలవారు ఆమెకు బని యిత్తుమని మాట యిచ్చియుండిరి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు మేము అప్పు తీరు లెక్కలు గూడ వేసికొంటిమి. జూలై 10వ తేదీన వారు, వీసా బాధ్యత వహింపజాలమని రెండు పంక్తుల జాబు వ్రాసిరి. అది నలుబదియవ దినము. లైసెన్సింకను రాలేదు. ఆమె నూరు చోట్లకు వ్రాసినది. పెక్కు చోట్ల నుండి ప్రత్యుత్తరమే లేదు. మా తమ్ముడు రాత్రులు నిద్ర మాని, పంచాంగమునకు బదులు క్యాలెండరు ముందుంచుకొని దినములు కొట్టివేయుచుండెడివాడు. నేనతని మొగము చూడజాలక పోయితిని.

ఏబదియైదవ దినమున నెవడో దళారి యామెను బలుకరించెను. కొంత సొమ్మిచ్చినచో దన కంపెనీలో బని చేయుచున్నట్లు కాగితమిత్తునని, గడియారమాగునని చెప్పెను. ఆమె మరల నాకే ఫోను చేసినది. నాకు శాసనము తెలియదు గాని యీమాత్రము తెలియును: చేయని పనిని జేసితినని వ్రాసిన కాగితము ఎన్నటికైనను మెడకు జుట్టుకొనును. "వలదమ్మా, తిరిగి వచ్చినను సరే, మన యింట అన్నము కలదు" అంటిని. ఆ మాట నన్నందుకు నేటికిని నాకు సంతోషము. అట్టి దొంగకంపెనీలను నమ్మి, యవి బట్టబయలైన తరువాత వీసాలు కోల్పోయిన విద్యార్థులు కలరు.

దారి చూపినది ఆమె కళాశాలలోని విదేశవిద్యార్థుల సలహాదారిణి. చదివిన విద్యకు సంబంధించినదై, వారమునకు కనీస మిరువదిగంటలు చేయునదై, కార్మికశాసనములకు విరుద్ధము కానిదైనచో, జీతము లేని సేవయు ఓ.పి.టి. లెక్కకు బనియే యగునని యామె తెలిపెను. మా యమ్మాయి ఆగస్టు 1వ తేదీనుండి బీదలకుచితముగ వైద్యము చేయు నొక కేంద్రమున జేరి, బిడ్డలకు దంతరక్షణము నేర్పుచు, దస్త్రములు సర్దుచు నుండెను. లైసెన్సు లేదు గనుక నెవరి పన్నును దాకలేదు. ఆ సంగతి వెంటనే కళాశాలకు దెలిపి నమోదు చేయించెను. గడియారము అరువదియొకటవ దినమున నాగినది. ఆగస్టు 20వ తేదీన లైసెన్సు వచ్చినది.

తరువాత బని యెచట దొరకినది? మహానగరమున గాదు. డల్లాసు, హ్యూస్టను వంటి నగరములందు మనవారు విశేషముగ నున్నారు గాన అందరచటనే వెదకుదురు, పోటీ మెండు. ఆమె కొన్నివేల జనము మాత్రమున్న యొక పొలాలనడిమి పట్టణమునకు బోయినది. అచట వృద్ధదంతవైద్యుడొకడు, తన తరువాత తన కుర్చీలో గూర్చుండువారు లేక చింతించుచుండెను. ఈమె మొదటి సంభాషణలోనే తన వీసాస్థితిని, గడువులను, హెచ్-1బి దరఖాస్తునకు గావలసిన కాగితములను ఒక పుటలో వ్రాసి యాతని ముందుంచినది. ఆతడు చదివి, "నాకీ దారి తెలియదు, ఐనను నేర్చుకొందును" అనెనట. నూరు చోట్ల మౌనమునకు గారణము ద్వేషము కాదు, తెలియని కాగితముల భయమని మాకప్పుడు తెలిసినది.

ఇక హెచ్-1బి. ఏటేట 65,000 వీసాలును, అమెరికాలో మాస్టర్సు గాని యంతకు మించిన పట్టము గాని పొందినవారికి మరి 20,000 వీసాలును గలవు. కోరువారెక్కువ గాన మార్చినెలలో బేర్లు నమోదు చేయించుకొని యెంపిక చేయుదురు. ఎన్నికైనవారు అక్టోబరు 1వ తేదీన బని మొదలిడవచ్చును. దంతవైద్యుని హెచ్-1బి దరఖాస్తునకు లైసెన్సు కావలెను. ఓ.పి.టి. ఒక్క యేడు మాత్రమే. ఈ రెంటిని గలిపి చూచినచో మే నెలలో బట్టము పొందినవారికి చిక్కునది సాధారణముగా నొక్క మార్చి మాసమే. 2024 మార్చిలో మా యమ్మాయి పేరు రాలేదు.

ఐనను దారి పూర్తిగ మూసికొనిపోలేదు. విశ్వవిద్యాలయములును, వానితో సంబంధము గల లాభాపేక్ష లేని సంస్థలును ఈ సంఖ్యానిర్బంధమునకు లోబడవు. ఏ నెలలోనైనను దరఖాస్తు చేయవచ్చును. ఆమె యట్టి యొక యాసుపత్రిలో దంతవైద్యశిక్షణమున జేరినది. జీతము తక్కువ, శ్రమ యెక్కువ. వృద్ధవైద్యుడు 2025 మార్చిలో మరల నామె పేరు వేయించెను. ఈ మారు వచ్చినది. ఆ అక్టోబరునుండి యామె మరల నా చిన్నపట్టణముననే యున్నది. అప్పు తీరుటకింక నేండ్లు పట్టును. శాశ్వతనివాసమునకు భారతదేశమున బుట్టినవారి వరుస మిక్కిలి పొడవైనది; దానికి దశాబ్దములు గడచిపోవుచున్నవి. ఇదియు బిడ్డలను బంపుటకు ముందే తల్లిదండ్రులు తెలిసికొనవలెను.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్షడాలరుల చెల్లింపు విధించుచు ప్రకటన చేసినప్పుడు ఎన్నియో ఇండ్లలో గలవరము పుట్టినది. దేశములోపలనే యుండి విద్యార్థిస్థితినుండి హెచ్-1బి స్థితికి మారువారికది వర్తింపదని అక్టోబరులో వివరణము వెలువడినది. దీనివలన నొక నీతి: వీథిలో విన్నమాటను బట్టి భయపడకుడు, సంతోషింపకుడు. నియమములు మారుచుండును. ఆనాటి నియమమును కళాశాల సలహాదారునో, న్యాయవాదినో యడిగి తెలిసికొనుడు.

కాలము ముగియుచున్నది గాన నా యనుభవసారమును గొద్దిమాటలలో జెప్పి ముగించెదను. చేతిపని పరీక్షను జదువుండగానే ముగింపుడు. ఏ రాష్ట్రమున లైసెన్సు త్వరగ వచ్చునో తెలిసికొని కాగితములు ముందే సిద్ధపరుపుడు. ప్రారంభదినమును లైసెన్సు రాకకు దగ్గరగ గోరుకొనుడు. యజమాని మిమ్ము స్వతంత్ర కాంట్రాక్టరుగ జూపునో, ఉద్యోగిగ జూపునో యడుగుడు. హెచ్-1బికి నిజమైన ఉద్యోగసంబంధము కావలెను. ఒప్పందమున మానివేయుటకు ముందీయవలసిన గడువును, సమీపమున వేరొకచోట బని చేయరాదను నిబంధనను చదివిగాని సంతకము చేయకుడు. హెచ్-1బి దరఖాస్తు రుసుములు యజమాని భరింపవలసినవి. వానిని మీ జీతమునుండి కోసెదమనువారిని విడిచిపెట్టుడు.

పెద్దలారా! మీకొక్క మాట. బిడ్డలు మనలను గౌరవించి సలహా యడుగుదురు. తెలియనిచోట "నాకు దెలియదమ్మా, తెలిసినవారి నడుగుము" అనుటకు మనము సిగ్గుపడరాదు. ముప్పదియైదేండ్లు పాఠము చెప్పిన నేను ఆ యొక్క వాక్యము నేర్చుకొనుటకు నలుబదియేడు దినములు పట్టినది. అవియు నావి కావు, మా బిడ్డవి.