పాత మోటారు సైకిలు: వెనుక బ్రేకు కూర్పు

1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడినది. ఆ తరువాత వచ్చిన పాత బుల్లెట్టు బండ్లు కొన్ని నేటికిని మన వీథులలో తిరుగుచునే యున్నవి. తండ్రి నడిపిన బండిని కుమారుడు తానే విప్పి బాగుచేసికొనుట మన యూళ్ళలో క్రొత్త కాదు. విప్పుట సులభమే. బ్రేకును తిరిగి కూర్చుటయందే మనకు నేర్పు కావలెను.

ఈ బండి వెనుక చక్రమునకు ఉన్నది డ్రమ్ము బ్రేకు. డ్రమ్ము చక్రముతో తిరుగును. దాని మూతపళ్ళెము తిరుగదు. ఆ పళ్ళెముపై అర్ధచంద్రాకారమున రెండు షూలు, వాని కొనల నడుమ ఒక కేము ఉండును. పెడలు త్రొక్కినచో కేము తిరిగి షూలను విడదీసి డ్రమ్మునకు ఒరయజేయును. విడిచినచో స్ప్రింగులు వానిని వెనుకకు లాగును.

మొదట ధూళి సంగతి. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండుట సాధారణము. ఆ ధూళిని నోటితో ఊదరాదు, గాలిపంపుతో కొట్టరాదు. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను మూటగట్టి పారవేయవలెను. గ్రీజు కేమునకును శీలకును పలుచగా రాచిన చాలును. లైనింగునకు చమురు పట్టినచో తుడిచినను పోదు, మార్చుటయే మేలు.

స్ప్రింగులను చివర తగిలింపబోయి వ్రేళ్ళు నలుగగొట్టుకొనువారు పెక్కురు. ముందే రెండు షూలకును స్ప్రింగులు తగిలించి, వానిని పుస్తకము తెరచినట్లు వంచి పట్టుకొని, కొనలను శీలపైనను కేముపైనను ఆనించి క్రిందికి నొక్కినచో అవి తమ చోట కూర్చుండును.

ఇక అసలు విషయము. చక్రమును ఎక్కించి ఇరుసు నట్టును వెంటనే బిగించుట చాలమంది అలవాటు. ఇరుసునకును పళ్ళెమునకును నడుమ కొంచెము వదులుండును. పళ్ళెము ఆ వదులులో ఒకవైపు ఒరిగి బిగిసినచో ఒక షూ మాత్రమే డ్రమ్మును తాకును, రెండవది ఊరకుండును. లైనింగు క్రొత్తదైనను బండి ఆగదు. కావున నట్టును వదులుగా ఉంచి, ఒకరు పెడలును గట్టిగా త్రొక్కిపట్టియుండగా మరియొకరు బిగింపవలెను. అప్పుడు షూలే పళ్ళెమును నడిమికి చేర్చును. ఈ అర నిమిషపు పని కర్మశాలలలో సైతము తరచుగా విడిచిపెట్టబడుచున్నది.

పళ్ళెము తిరుగకుండ పట్టియుంచు ఆధారము బండి చట్రమునకు సరిగా కుదిరినదో లేదో కంటితో చూడవలెను. అది తప్పినచో, బ్రేకు వేసినప్పుడు పళ్ళెమే చక్రముతో తిరిగి రాడ్డును వంచును. పరుగున నున్న బండిపై దీని ఫలితమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

బ్రేకు పట్టినప్పుడు లీవరునకును రాడ్డునకును నడుమ లంబకోణము గాని, అంతకు కొంచెము తక్కువ గాని ఉండవలెను. అరిగిన లైనింగును దాచుటకు లీవరు కోణమును మార్చుట కొందరి యుపాయము. కేము మితిమీరి తిరిగి అడ్డముపడినచో బ్రేకు విడువదు. మనమైతే ఆ యుపాయమును ఒప్పుకొనము.

చైను బిగువును ముందు సరిచేసి, రాడ్డును పిదప సరిచేయవలెను. చక్రము వెనుకకు జరిగినచో రాడ్డు బిగియును. పాత బుల్లెట్టులో వెనుక బ్రేకు ఎడమకాలికి, గేరు కుడికాలికి ఉండును. నేటి బండ్లకు అలవాటుపడినవారు జనసంచారము లేని దారిలో, నడక వేగమున, నాలుగైదుసార్లు ఆపి చూచి, చక్రము స్వేచ్ఛగా తిరుగుచున్నదని తెలిసికొన్న పిమ్మటనే రాజబాట నెక్కవలెను.