గాజుతొట్టెలో సహవాసము
(తెలుగు సాంస్కృతిక సంఘ సమావేశమున చదివిన ప్రసంగపాఠము)



సూరతు నగరమున పాల్ ప్రాంతమందు నగరపాలక సంస్థ 2014లో జగదీశ చంద్రబోసు పేర ఒక మత్స్య ప్రదర్శనశాలను నెలకొల్పినది. నవాగామ్ నుండి సెలవుదినమున పిల్లలను అచ్చటికి తీసికొనిపోయిన తల్లిదండ్రులు తిరుగుదారిలో వినెడి కోరిక ఒక్కటే: ఇంటిలోను అట్టి తొట్టె ఒకటి ఉండవలెనని. ఆ కోరికను తీర్చుట సులభము. అంగడికి పోయి, కంటికి నచ్చిన రంగులన్నియు ఏరి, సంచిలో నీటితో తెచ్చిన చాలును. కాని నెల తిరుగకమునుపే సగము చేపలు చచ్చుటయు, పిల్లలు కంటతడి పెట్టుటయు చాల ఇండ్లలో జరుగుచున్న సంగతియే. దోషము చేపలది కాదు, ఎన్నికది.

తొట్టె అలంకారవస్తువు కాదు, చిన్న కాపురము. ఈ సత్యమును లండనులో రాబర్టు వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1850 ప్రాంతమున నిరూపించెను. ఆయన రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఒక పాత్రలో ఉంచెను. మొక్క ఆకులు క్రుళ్లి నీరు చెడసాగెను. అప్పుడు క్రుళ్లిన ఆకును తిను నత్తలను చేర్చెను, నీరు తేటపడెను. ఒకటి విడిచినది మరియొకటి గ్రహించిననే కాపురము నిలుచునని దీని సారము.

ఈ ఇచ్చిపుచ్చుకొనుటలో కంటికి కనబడని పాత్ర సూక్ష్మజీవులది. చేపల విసర్జనము నుండి అమ్మోనియా పుట్టును, అది విషము. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరియొక తెగ నైట్రేటుగాను మార్చును. నైట్రేటును మొక్కలు ఆహారముగా గైకొనును. ఈ సూక్ష్మజీవులు తగినంతగా పెరుగుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అందువలన తొట్టె కొన్ననాడే చేపలన్నింటిని కొనుట కూడదు. మొదట మొక్కలు నాటి, నీరు పక్వమైన పిమ్మట కొలదికొలదిగా చేపలను విడువవలెను. కుళాయినీటిలోని క్లోరిను చేపలకును ఈ సూక్ష్మజీవులకును హానికరము గనుక, దానిని విరుచు మందును ముందుగా కలుపుట అవసరము.

ఇక ఎన్నిక మాట. ఇందు ఆంధ్రదేశపు రైతు గురువు కాదగినవాడు. కొల్లేటి చుట్టుపట్ల, కైకలూరు, భీమవరము ప్రాంతములలో చేపల చెరువు నడుపువారు బొచ్చె, శీలావతి, మోసు అను మూటిని కలిపి పెంచుదురు. బొచ్చె పైనీటిలోను, శీలావతి నడిమినీటిలోను, మోసు అడుగునను మేయును. ఒకదాని కంచములో మరియొకటి చేయిపెట్టదు. ఆ చెరువులోనికి కొరమేను చొరబడిన పిల్లచేపలకు చేటు. గాజుతొట్టెకును సూత్రమిదియే: పైన, నడుమ, అడుగున తిరుగు చేపలు వేరువేరుగా ఉండవలెను, మింగువానికిని మింగబడువానికిని ఒకే ఇల్లు పనికిరాదు.

రెండవ సూత్రము నీటికి సంబంధించినది. అమెజాను ఉపనదుల నుండి వచ్చిన నియాన్ టెట్రా మెత్తని నీటిని కోరును. గప్పీ, మోలీ కఠినజలమున సుఖించును. ఇంటి నీటి గుణమును చిన్న పరీక్షసామగ్రితో తెలిసికొని, ఆ నీటికి తగిన చేపను తెచ్చుట మేలు. చేపకొరకు నీటిని ప్రతిదినము మార్చబూనుట తుదకు అలసటకే దారితీయును. సూరతు వేసవిని కూడ లెక్కించవలెను. చల్లనినీటి చేపలు ఆ వేడికి తాళలేవు.

మూడవది స్వభావము. అంగడిలో రూపాయి బిళ్లంత ఉన్న ఏంజెల్ చేప పెరిగి జానెడు ఎత్తు కాగలదు. అప్పుడు నియాన్ టెట్రా దానికి స్నేహితుడు కాదు, భోజనము. టైగర్ బార్బు గుంపు చిన్నదైనప్పుడు ఇతరుల రెక్కలను కొరుకును. పొడవైన రెక్కలుగల గప్పీ, బెట్టా దానికి ముందు చిక్కును. రెండు మగ బెట్టాలు ఒకచోట ఉన్న యుద్ధము తప్పదు. గుంపుగా బ్రతుకు జాతిని ఒంటరిగా తెచ్చుట కూడ హింసయే; అట్టివానిని ఆరింటికి తక్కువ కాకుండ తేవలెను.

నాలుగవది మొక్కల క్షేమము. బంగారు చేప మెత్తని ఆకులను తినును, వేళ్లను పెల్లగించును, మాలిన్యమును మెండుగా విడుచును. పెద్ద సిక్లిడ్ జాతులు ఇసుకను త్రవ్వును. వీనిని విడిచి, భారతదేశపు చెరువులలోనే పెరుగు వాలిస్నేరియా, హైడ్రిల్లా మొక్కలను వెనుకవైపునను, క్రిప్టోకోరైను ముందునను నాటిన బాగుగ నుండును. దినమునకు ఏడెనిమిది గంటల వెలుతురు చాలును. నేరుగా ఎండ పడిన పాచి పట్టును. రాత్రివేళ మొక్కలు కూడ ప్రాణవాయువును గ్రహించును గనుక, చేపలు క్రిక్కిరిసిన తొట్టెలో తెల్లవారునప్పటికి అవి పైకి వచ్చి నోరు తెరచుట కనబడును.

ఉదాహరణమునకు, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల తొట్టెలో సుమారు 55 లీటర్ల నీరు పట్టును. అందు నడిమినీటికి 8 చెర్రీ బార్బులు, పైనీటికి ఒక జత తేనె గౌరామీలు, మెత్తని ఇసుక పరచిన అడుగునకు 6 కూలీ లోచ్‌లు తగియుండును. చెర్రీ బార్బు సింహళమునది. తేనె గౌరామీ ఈశాన్య భారతమున, బంగ్లాదేశమున దొరకునది. మూడును శాంతస్వభావములు, మూడును వెచ్చదనమును ఓర్చునవి, మొక్కల నీడను కోరునవి. నీరు కఠినమైనచో బార్బులకు మారుగా గప్పీలను పెంచవచ్చును. కాని అవి పిల్లలను కని త్వరలో తొట్టెను నింపునని మరువరాదు. వారమునకు ఒకమారు నాలుగవవంతు నీరు మార్చుట మంచిది.

చివరిమాట అన్నిటికంటె ముఖ్యమైనది. కేంద్రప్రభుత్వోద్యోగి ఇంటికి బదిలీ ఉత్తరువు ఎప్పుడు వచ్చునో చెప్పుట కష్టము. సామాను కట్టునప్పుడు తొట్టె భారమగును. "పాపము, ప్రాణములు దక్కనీ" యని చేపలను తాపీనదిలోనో, సమీపపు ఖాడీలోనో విడుచువారు కలరు. అది దయగా తోచును, కాని దయ కాదు. అద్దములను శుభ్రపరచునని రెండంగుళముల పిల్లగా అమ్మెడి దక్షిణ అమెరికా సక్కర్ చేప అడుగును మించి పెరుగును. ఇట్లు బయటపడిన దాని సంతతియే నేడు తెలుగునాటి నదులలో, చెరువులలో వ్యాపించినది. దాని గట్టి ముండ్లకు వలలు చిరుగుచున్నవి. జాలరులు దానిని దెయ్యం చేప యని పిలుచుచున్నారు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలో కరగియున్న జన్యుపదార్థమును పరీక్షించి దాని జాడను కనుగొను పద్ధతిని రూపొందించవలసి వచ్చినది. ఒక ఇంటి ముచ్చట ఒక జాలరి కూడును తీసినది.

కావున చేపను కొనునాడే రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది పెరిగి ఎంత యగును? ఇల్లు మారునాడు దీనిని ఎవరికి అప్పగింపవచ్చును? తోటి ఉద్యోగి ఇల్లు, పిల్లల పాఠశాల, తిరిగి తీసికొను అంగడి, వీనిలో ఏదో ఒకటి ముందే నిశ్చయించుకొనవలెను. నదిని మాత్రము ఆ జాబితాలో చేర్చరాదు. చిన్న చేపలు, చిన్న గుంపులు, మొక్కల నీడ, తొందరలేని కాపురము: ఇంతమాత్రము పాటించిన ఇంట పిల్లలకు సహజీవనము పాఠముగా కాక, ప్రతి సాయంకాలము కంటియెదుట కదలాడు దృశ్యముగా లభించును.