జామాయిల్ తోట వెనుక ఢిల్లీ



ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో కనిపించే జామాయిల్ తోటల వెనుక ఢిల్లీ నిర్ణయం ఒకటి ఉంది. ఒకప్పుడు కాగితం మిల్లులకు అడవి వెదురు, కలప సర్కారు నుంచి చౌకగా దొరికేవి. 1988 జాతీయ అటవీ విధానం ఆ రాయితీకి స్వస్తి చెప్పాలంది. కావలసిన కలపను మిల్లులే రైతులతో పెంచించుకోవాలని, అప్పు, సలహా, కోత, రవాణాల్లో వారికి అండగా నిలవాలని చెప్పింది.

గోదావరి ఒడ్డున సారపాకలోని మిల్లు 1989లో జామాయిల్ క్లోన్ల పరిశోధనకు దిగింది. ఏపుగా ఎదిగిన చెట్టును నరికి, మోడుకు వేసిన లేత కొమ్మలను ముక్కలు చేస్తారు. వేళ్లు పట్టే మందు అద్ది, సన్నని నీటి తుంపర కింద పెంచుతారు. నాలుగేళ్లకు చెట్టు కోతకొస్తుంది, మోడు మళ్లీ చిగురిస్తుంది. ‘భద్రాచలం క్లోన్లు’గా ఆ మొక్కలు దూరప్రాంతాల చేలకూ చేరాయి. నిలకడైన విధానానికి కంపెనీ అవసరం తోడైతే డబ్బు ఇలా నేలకు చేరుతుంది. అయినా జామాయిల్ తోట అడవి కాదు. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకునే కోయ కుటుంబానికి అందులో దొరికేదేమీ లేదు.

కంపెనీ డబ్బు నేలకు చేరడానికి 2014 ఏప్రిల్ నుంచి ఇంకో దారి తెరుచుకుంది. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని, చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యమివ్వాలని చట్టం చెప్పింది. ఏయే పనులకు ఖర్చు చేయవచ్చో చట్టం ఇచ్చిన జాబితాలో పర్యావరణమూ ఉంది. ఎంపిక మాత్రం కంపెనీ బోర్డుది.

ఆ ఏడాది ఆగస్టు 15నే ప్రధాని ఎర్రకోట మీది నుంచి బడుల్లో మరుగుదొడ్లకు ఈ డబ్బు అడిగారు. అక్టోబరులో స్వచ్ఛభారత్ కోశం, గంగా ప్రక్షాళన నిధి జాబితాకెక్కాయి. 2020లో పీఎం కేర్స్‌కు ఇచ్చింది లెక్కలోకి వస్తుందని, ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చింది రాదని కేంద్రం తేల్చింది. ఆడపిల్లలకు మరుగుదొడ్డి కావాల్సిందే. కానీ అధికారంలో ఉన్నవారు నోరు తెరిచి అడిగితే కాదనగల బోర్డులెన్ని? సారపాక వైపు కిన్నెరసాని నది ఒడ్డు ఊళ్లకు అలా అడిగే గొంతు లేదు.

పట్టాలు పుచ్చుకుంటున్న మీలో కొందరు రేపు ఆ బోర్డులకు కాగితాలు తయారుచేస్తారు. మిల్లు మురుగునీటి శుద్ధి వ్యాపార ఖర్చే, దాన్ని సేవగా చూపకండి. పార్టీ చందాలను ఈ పద్దులో చేర్చడాన్ని నిబంధనలే ఒప్పుకోవు. పర్యావరణ పద్దు రాసేముందు, ఆ డబ్బు ఖర్చు చేయబోయే ఊరి గ్రామసభలో కూర్చుని, ఏ చెరువు, ఏ అడవి తమకు ముందో వాళ్లనే చెప్పనివ్వండి.