భాషలు వేరు, మగ్గం ఒక్కటే

(సూరత్ నగరం, పర్వత్ పాటియాలో తెలుగు మరమగ్గాల కార్మికుల సమావేశంలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఐక్యత అవసరమని మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ మాటను ప్రతి సభలోనూ విన్నారు, ప్రతి కరపత్రంలోనూ చదివారు. ఇంతగా విన్న మాట ఆచరణలో ఎందుకు నిలవడం లేదన్నదే నేడు మన ముందున్న ప్రశ్న.

ఇక్కడ ఖాతాలని పిలుచుకొనే మగ్గాల కార్ఖానాలలో జరిగేదేమిటో చూద్దాం. పగటి షిఫ్టు ముగుస్తుంది, రాత్రి షిఫ్టు మొదలవుతుంది. అదే మగ్గం, అదే బీము, అదే తాను. మనిషి మాత్రం మారుతాడు. పగలు నేసినవాడు తెలుగువాడు కావచ్చు. రాత్రి నేసేవాడు ఒడిశాలోని గంజాం జిల్లా నుండి వచ్చినవాడు కావచ్చు, ఉత్తరప్రదేశ్ వాడు కావచ్చు. కూలి మీటరు లెక్కన. తానులో లోపం కనబడితే కూలిలో కోత. ఆ లోపం ఎవరి షిఫ్టులో వచ్చింది? “రాత్రివాడిదే” అని మనం అంటాం. “పగటివాడిదే” అని అతడంటాడు. నాలుగు నెలలు గడిచేసరికి ఆ మాట “ఒరియావాళ్లంతా ఇంతే”, “తెలుగువాళ్లంతా ఇంతే” అన్న తీర్పుగా మారుతుంది. నాసిరకం నూలు మాట, మరమ్మతుకు నోచుకోని మగ్గం మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ఈ అపనమ్మకం మన రక్తంలో ఉన్నదా, లేక మన పని జరిగే తీరులో ఉన్నదా? మానవ ప్రవర్తనను పరిశీలించే శాస్త్రం ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెప్పింది.

1954లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక వేసవి శిబిరం నడిపారు. పదకొండేళ్ల ప్రాయపు బాలురు 22 మందిని రెండు జట్లుగా విభజించి, బహుమతుల కోసం పోటీలు పెట్టారు. అంతకు ముందు ఒకరినొకరు ఎరుగని పిల్లలు కొద్దిరోజులలోనే బద్ధవిరోధులయ్యారు. వారిని ఒకచోట భోజనానికి కూర్చోబెడితే తిండి ఒకరిపై ఒకరు విసురుకొన్నారు. తరువాత నీటి సరఫరా ఆగిపోయేలా చేశారు, తిండి తెచ్చే లారీ కదలకుండా చేశారు. రెండు జట్లూ కలిస్తే తప్ప తీరని ఇటువంటి పనులు వరుసగా ఎదురైన తరువాతనే వైరం సడలింది. ఇందులో మనం గమనించవలసినది మరొకటి ఉన్నది. ఆ పోటీని పిల్లలు కోరలేదు, పెద్దలు ఏర్పాటు చేశారు. మన ఖాతాలో పగటివాడికీ రాత్రివాడికీ మధ్య పోటీని ఏర్పాటు చేసినదెవరు?

అదే 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, వేర్వేరు వర్గాలవారు కలిసినంత మాత్రాన ద్వేషం తగ్గదని రాశాడు. వారు సమాన హోదాతో కలవాలి. లక్ష్యం ఉమ్మడిదై ఉండాలి. ఒకరి సాయం ఒకరికి అవసరం కావాలి. పైనున్న వ్యవస్థ దానికి అండగా నిలవాలి.

ఇది దూరదేశపు మాట మాత్రమే కాదు. ఉత్తరప్రదేశ్‌లో మాథ్యూ లోవ్ అనే అర్థశాస్త్రవేత్త వివిధ కులాల యువకులతో క్రికెట్ లీగులు నడిపి, ఫలితాలను 2021లో ప్రచురించాడు. ఒకే జట్టులో కలిసి ఆడినవారి మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా తలపడినవారిలో ఆ మేలు కలగలేదు. ఒకే మైదానంలో ఉండటం చాలదు, ఒకే పక్షాన ఉండాలి.

ఇక మన వృత్తికి, మన గుజరాత్‌కు చెందిన ఉదాహరణ. 1953లో అహమదాబాదు కాలికో మిల్లులో లండన్ టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ ఒక ప్రయోగం చేశాడు. ఆటోమేటిక్ మగ్గాల విభాగంలో 224 మగ్గాలకు 29 మంది కార్మికులు. పని పన్నెండు రకాలుగా ముక్కలైనది. ఎవరి పని వారిదే. మొత్తం మగ్గానికి బాధ్యులెవరూ లేరు. చిన్న బృందాలుగా పని చేయవచ్చునన్న ఆలోచనను ముందుంచగా, కార్మికులే దానిని అందిపుచ్చుకొని తమ బృందాలను తామే ఏర్పరచుకొన్నారు. ఏడుగురికి 64 మగ్గాలు. తొలుత ఒడుదొడుకులు వచ్చినా, తరువాత ఉత్పత్తి పెరిగింది, చెడిపోయే గుడ్డ తగ్గింది. మనుషులు వారే, మగ్గాలు అవే; మారినది పని ఏర్పాటు.

ఈ శాస్త్రాన్ని యాజమాన్యాలు కూడ ఉపయోగించుకొంటాయని మేము ఎరుగుదుము. కార్మికులు కలిసి పెంచిన ఉత్పత్తిలో వారి వాటా ఎంత అన్న ప్రశ్నను సంఘం వేయకపోతే, ఈ శాస్త్రం యజమాని చేతిలో మరొక పనిముట్టు అవుతుంది. కనుక దీనిని మనమే ముందుగా చేపట్టాలి.

మా ప్రతిపాదనలు నాలుగు. మొదటిది, షిఫ్టు మారే వేళ దిగేవాడు, ఎక్కేవాడు కలిసి తాను చూడాలి. మీటర్ల అంకె, కనబడిన లోపం, మగ్గం స్థితి ఒక పుస్తకంలో అంకెలతో, గుర్తులతో రాయాలి. తెలుగు, ఒడియా, హిందీ ఏ భాషవాడికైనా అది అర్థం కావాలి. ఆ నిమిషాలకు కూలి ఇవ్వాలని కోరాలి. రెండవది, తోటి కార్మికునిపై ఫిర్యాదును యజమాని దగ్గరకు కాక ఉమ్మడి కమిటీ ముందుకు తేవాలి. మూడవది, ఆ కమిటీలో ప్రతి భాషవారికీ సమాన స్థానం ఉండాలి. అధ్యక్షత వంతులవారీగా మారాలి. నాలుగవది, మొదటి కోరిక చిన్నదై, అందరిదై, సాధించగలిగినదై ఉండాలి. ఏ కోత ఎందుకు వేశారో రాతపూర్వకంగా చెప్పాలన్నది అటువంటి కోరిక. కలిసి గెలిచిన చిన్న గెలుపు, నూరు ఉపన్యాసాలకంటె ఎక్కువ నమ్మకాన్ని నిలుపుతుంది.

ఇదంతా మీకు కొత్త కాదు. వానాకాలంలో ఖాడీ పొంగి ఈ ప్రాంతపు వీధులలో నీరు నిలిచినప్పుడు, పిల్లవాడిని ఎత్తుకొని దాటించే చేయి ఏ భాషదని ఎవరూ అడగరు. 2006 ఆగస్టులో తాపీ వరద ఈ నగరాన్ని ముంచినప్పుడు భాషను చూసి ఏ ఇంటినీ విడిచిపెట్టలేదు. అయితే నీరు తీసిన తరువాత ఎవరి గదులకు వారు వెళ్లిపోతాము. వరద కల్పించిన కలయికను వరదతోనే పోనీయక, రోజువారీ పనిలో నిలుపుకోవడమే సంఘం కర్తవ్యం.

సోదరులారా! నమ్మిన తరువాత కలిసి పని చేద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. కలిసి పని చేస్తూ పోతే నమ్మకం దానంతట అదే వెంట వస్తుంది. ఈ రాత్రి షిఫ్టు మారేటప్పుడు, మీ మగ్గం దగ్గరకు వచ్చే ఆ మనిషిని పేరు పెట్టి పిలవండి. పేరు తెలియకపోతే అడగండి. తాను ఇద్దరూ కలిసి చూడండి. మొదటి అడుగు అదే.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!